సంఘసేవయు నొక విద్యయే

సోదరీమణులారా! పురిటింటికి పథ్యము పంపుట, చావింటికి అన్నము వండి పంపుట మనము గురువు నాశ్రయించి నేర్చినవి కావు. తల్లులు చేయగా చూచి నేర్చినవి. కావున సంఘసేవను కళాశాలలో చదువవలెనన్న మాట తొలుత విన్నప్పుడు మేము నవ్వితిమి. ఆ నవ్వు తప్పని 2020వ సంవత్సరము మాకు బోధించెను.

ఆ యేడు మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు మూసికొనెను. బందరు త్రోవను బస్సులు నిలిచిపోయెను. మాఘమున వీరమ్మతల్లి తిరునాళ్ళకు పదునైదు దినములు క్రిక్కిరిసిన మా ఉయ్యూరు వీధులు, నెల దాటిన కొలదికాలమునకే పట్టపగలు నిర్మానుష్యములయ్యెను. బడి మూతపడుటచే మావారును ఇంటిపట్టుననే యుండిరి.

కొన్నాళ్ళకు మా వీధి చివరి యింటివారికి వ్యాధి సోకెను. ఇంటి యజమాని ఆసుపత్రిలో. ఇంట అత్తగారు, కోడలు, పసిబిడ్డ. ఆ గుమ్మము వంక చూచుటకే వీధి జంకెను. మేము నలుగురము చందా వేసికొని, బియ్యము, కందిపప్పు, చింతపండు సంచిలో నింపి వారి యరుగుమీద పెట్టించి, మా ధర్మము నెరవేరినదని సంతసించితిమి. మూడవనాటికిని ఆ సంచి కట్టు విప్పకయే యుండెను. "ఎంత గర్వము!" అని మాలో నొకరనిరి. మేమును కాదనలేదు.

మా ప్రక్కయింటి యమ్మాయి సంఘసేవాశాస్త్రము చదువుచు, కళాశాల మూసివేయగా ఇల్లు చేరియుండెను. ఆ చదువున తరగతి పాఠమెంతో, పేటలలోను ఆసుపత్రులలోను జనుల మధ్య పనిచేసి నేర్చుటయు అంతే. అది నిలిచిపోగా, ఆమె టెలిఫోనునే సాధనముగ గైకొని వీధివారిని దినమునకు ముగ్గురు నలుగురిని పలుకరించుచుండెను. ఆ కోడలిని పిలిచి, "అక్కా, మీకేమి కావలెను?" అని యడిగెను. మాలో నెవ్వరమును అడుగని ప్రశ్న అదియే.

వారింట బియ్యము కలదు. అత్తగారి మధుమేహపు మాత్రలు అయిపోయినవి. బిడ్డకు పాలు లేవు. అన్నిటిని మించి, ఆసుపత్రిలో ఆయన యెట్లున్నదియు చెప్పు దిక్కు లేదు. వీధి యంతయు చూచుచుండగా ఆ సంచి నందుకొనుట బిచ్చమెత్తినట్లు తోచినదట.

"పిన్నిగారూ, మీరిచ్చినదానిలో లోపము లేదు. అడుగకపోవుటయే లోపము" అని ఆ పిల్ల మెల్లగా చెప్పెను. మేము తల వంచుకొంటిమి.

మాత్రలు ఆశ కార్యకర్త తెచ్చి యిచ్చెను. పాలు మేము గేటుకడ నుంచితిమి. సాయంకాలము ఆసుపత్రికి ఫోను చేసి కబురు కనుగొనుట మావారి వంతయ్యెను. ఇక ఆ సంచి యెవరికి? చెరకు నరుకుటకు వచ్చి ఊరు పోలేక చిక్కుపడిన కూలీల సంగతి ఆ కోడలే చెప్పెను. అది వారికి చేరెను. ఆయన క్షేమముగ నిల్లు చేరిన పిదప, అదే సంచి వారి పెరటి వంకాయలతో నిండి మా గుమ్మమునకు వచ్చెను.

భాగవతమునందలి రంతిదేవుని కథ చిన్ననాటినుండి చదివియే యుంటిమి. ఆయన ఆకలిగొన్నవారికి అన్నమును, దప్పిగొన్నవానికి నీటిని ఇచ్చెను. ఎవరికేది కావలెనో దానినే యిచ్చెనన్న మర్మము మాకప్పుడు గోచరించెను. దయ హృదయమున పుట్టును. దానిని నడపు నేర్పు మాత్రము అభ్యసింపవలసినదే.

ఆ యభ్యాసమునకై పెద్దలు చాలకాలము క్రిందటనే పూనిరి. జేన్ ఆడమ్స్ అను వనిత 1889లో చికాగోలో బీదల పేటయందే హల్ హౌసును నెలకొల్పి వారి నడుమ నివసించెను. బొంబాయి నాగపాడాలో 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అట్టి సేవాగృహమునే స్థాపించెను. 1936లో ఆ నగరముననే టాటావారి సంఘసేవా విద్యాలయము వెలసెను. మన తెలుగునాట జన్మించిన దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలైరి.

మన సీమకు విపత్తులు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలమందికి పైగా మరణించిరి. అయితే అప్పుడు మనుజుడు మనుజుని చేయి పట్టుకొనగలిగెను. కరోనా ఆ చేతినే నిషేధించెను. అందులకే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 మార్చిలోనే "సామాజిక దూరము" అనుటకు మారుగ "భౌతిక దూరము" అనుట మేలని సూచించెను. దూరము దేహములకేగాని మనసులకు కాదని దాని భావము.

2023 మే 5న ఆ సంస్థ అత్యవసరస్థితి తీరినదని ప్రకటించెను. వీరమ్మతల్లి తిరునాళ్ళకు మా వీధులు మరల నిండుచున్నవి. కాని తలుపులు మూసికొన్న యిండ్లు నేటికిని కలవు: వృద్ధురాలు ఒంటరిగ నున్న యిల్లు, కొడుకులు విదేశములనున్న యిల్లు. సోదరీమణులారా! మీ వీధిలో అట్టి యిల్లెక్కడనో మీరెరుగుదురు. సంచి నింపుటకు ముందు ఒక్కమారు పలుకరించి, ఏమి కావలెనో అడుగుడు. మిగిలిన దారి ఆ జవాబే చూపును.