నలుపు తెలుపుల బొమ్మలో నేతచీర

ఈ పత్రికలో నూలు ధరలు, అద్దకాలు, సంఘపు లెక్కలు వంటి సంగతులే సాధారణంగా వ్రాస్తుంటాను. ఈ మారు మనుషుల బొమ్మలు గీయుట గురించి వ్రాస్తున్నాను. కార్యదర్శికి పని తక్కువైనదని కొందరు నవ్వవచ్చు. కాని ఇదీ మన వృత్తికి చెందిన సంగతేనని చివరివరకు చదివినవారు ఒప్పుకొందురని నా నమ్మకం.

షోలాపూరులోని మా ఇంట్లో మా ముత్తవ్వ ఫోటో ఒకటి ఉన్నది. స్వాతంత్ర్యానికి ముందు స్టూడియోలో తీయించినది. ముత్తవ్వ కుర్చీలో కూర్చున్నది. ఒంటిమీద వెడల్పాటి జరీఅంచు పట్టుచీర. దానిని నేసినది మా ముత్తాతే. ఇప్పుడు ఆ చీర లేదు. చేతిలో పైసా లేని ఒక ఏట, జరీ కరిగించి వెండి తీసేవారికి అమ్మివేశారట. అంచు నమూనా గీసిన కాగితమూ మిగలలేదు. ఉన్నది ఆ ఫోటో ఒక్కటే; దానికీ చెమ్మ పట్టినది. అది పూర్తిగా చెడిపోకముందే, దానిని చూచి పెన్సిలుతో పెద్ద బొమ్మ గీయాలని రెండేండ్ల క్రితం పూనుకొన్నాను. బడిలో నేర్చిన డ్రాయింగు తప్ప నాకు వేరే విద్య లేదు.

మొదటి బొమ్మ చెడినది. ముఖం పోలిక కొంత కుదిరినది గాని, చీర మాత్రం బల్లమీద పరచిన గ్రాఫు కాగితం వలె ఉన్నది. తప్పు నాదే. నేతగాని కన్నుతో అంచును లెక్కపెట్టి ఒక్క పువ్వూ వదలకుండా గీశాను. మడతలో దాగిన పువ్వులను సైతం గీశాను! మగ్గం మీద గుడ్డ చదునుగా ఉంటుంది, మనిషి ఒంటిమీద ఉండదు. ఇంత చిన్న సంగతి తెలియుటకు నాకు మూడు నెలలు పట్టినది.

గొప్ప చిత్రకారులు కూడ ముందు మడతలనే నేర్చినారు. ఇటలీ దేశపు లియొనార్డో డావిన్చి (1452–1519) మట్టిబొమ్మలు చేసి, వాటిమీద తడిమట్టి పట్టించిన మెత్తని గుడ్డలు కప్పి, ఆ మడతలను చూచి సన్నని బట్టమీద నలుపు తెలుపులతో కుంచెపట్టి సాధన చేసేవాడని అతని చరిత్ర వ్రాసిన వసారి చెప్పినాడు. అట్టి బొమ్మలు కొన్ని ప్యారిసులోని లూవ్రు మ్యూజియంలో నేటికీ ఉన్నవి. వాటిలో పువ్వు లేదు, అంచు లేదు. గుడ్డ, దానిమీద వెలుగు, అంతే.

ఇక సాధన పద్ధతి. 2బి, 4బి, 6బి పెన్సిళ్లు మూడు, గట్టి కాగితం చాలును. మొదట ఏడు గళ్లు గీసి, లేత బూడిద రంగు నుండి కారునలుపు వరకు మెట్లుమెట్లుగా నింపవలెను. ఇది మనకు కొత్త గాదు. ఎనిమిది పోగుల శాటిను నేతలో నల్ల పడుగు, తెల్ల పేక పెట్టి, ప్రతి పేకకు ఎనిమిది పోగులలో పైకి లేచే నల్లపోగులను ఒకటి మొదలు ఏడు వరకు పెంచుకొంటూ పోతే ఏడు ఛాయలు రావా? పెన్సిలు చేసేదీ ఆ పనే.

పిదప కన్నులు సగం మూసి ఫోటోను చూడవలెను. చిన్న వివరాలు మాయమై వెలుగు, నీడల పెద్ద ముద్దలు మాత్రమే కనబడును. ముందు వాటిని వేసి, తరువాత కుచ్చిళ్లు, పైట మడతలు వేసి, చిట్టచివరనే అంచు, బుటాలు వేయవలెను. అంచు మడతతో పాటు వంగి, నీడలోకి పోయినచోట మసకబారవలెను. నూలుచీర మీద వెలుగు మెత్తగా పరచుకొంటుంది. పట్టుమీద సన్నని గీతగా మెరుస్తుంది. జరీకి ప్రత్యేకమైన రంగు ఏదీ లేదు. కాగితం తెలుపును అలాగే వదలి, దాని ప్రక్కనే గాఢమైన నలుపు వేస్తే అదే జరీ అవుతుంది.

ఈ విద్య నేతలో ఎంతదూరం పోగలదో చూడండి. జాకార్డు యంత్రం నిర్మించిన జాకార్డు (1752–1834) రూపాన్ని, బొన్‌ఫోన్ అను చిత్రకారుడు వేసిన పటాన్ని అనుసరించి, ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో 1839లో పట్టులో నేసినారు. దానికి 24,000 అట్టలు పట్టినవి. అచ్చుబొమ్మ అని పొరబడేటంత నాజూకు పని అది. మన షోలాపూరు తెలుగువారు గోడకు వ్రేలాడదీసే బట్టలమీద మనుషుల ముఖాలు నేసినదీ ఈ ఛాయల లెక్కతోనే.

రెండవ బొమ్మ బాగానే కుదిరినది. దానిని మా చిన్నతాతకు చూపించాను. తొంభైకి దగ్గరపడిన మనిషి; ముత్తవ్వకు చివరి కొడుకు. బొమ్మను చాలాసేపు చూచి, "ఇదేంది బిడ్డా, మా అవ్వకు నల్లచీర కట్టించినవు? అది కుంకుమ ఎరుపు గదా!" అన్నాడు.

ఫోటోలో నల్లగానే ఉన్నదని వాదించాను. తరువాత విచారిస్తే ఆయన మాటే నిజమైనది. ఆ కాలంలో స్టూడియోలవారు వాడిన ప్లేట్లలో అనేకం ఎరుపును పట్టలేవు. అందుచేత ఎర్రచీర నల్లగాను, నీలిచీర తెల్లగాను పడేవి. కనుక పాత ఫోటోలోని ఛాయను నమ్మి రంగును ఊహించరాదు. నేను చీర నలుపును రెండు మెట్లు తగ్గించి మరల గీశాను. చిన్నతాత ప్రక్కన కూర్చుండి, చేయి అడ్డమై కనబడని అంచుభాగాన్ని వ్రేలితో గీసి చూపినాడు. దానినంతా గ్రాఫు కాగితం మీదికి ఎక్కించుకొన్నాను.

కొంగు మాత్రం ఫోటోలో కనబడదు. ఆ సంగతి దీపావళికి అడుగుదామనుకొన్నాను. దసరా తరువాత ఆయన కాలం చేసినారు. అంచు దొరికినది, కొంగు పోయినది.

కాబట్టి నా మనవి ఇది. షోలాపూరే గాదు, బరంపురమైనా, సేలమైనా, మన నేతకుటుంబాలు ఉన్న ఏ ఊరైనా, ఇంట్లోని పాత ఫోటోను క్రిందికి దింపండి. పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చీర రంగు, అంచు పేరు, నేసినవారి పేరు అడిగి ఫోటో వెనుక వ్రాయండి. పిల్లల చేతికి పెన్సిలు ఇచ్చి ఆ బొమ్మ గీయించండి. మొదటి బొమ్మ చెడితే చెడనివ్వండి. కాని పెద్దలను అడిగే పని మాత్రం పండుగదాకా ఆపవద్దు.