ముగ్గు పోసే ముందు కంప్యూటర్లో

ఇల్లు కట్టాలంటే ముందు ఏం చేస్తాం? స్థలం బాగుచేస్తాం. టేపు పట్టి కొలుస్తాం. మూలల్లో మేకులు పాతి, దారం కట్టి, ముగ్గు పోస్తాం. ఆ తరవాతే పునాది తవ్వుతాం. కంప్యూటర్లో ఇంటి ప్లాను గీయడం కూడా అంతే. మొదటి గీతకి ముందే చెయ్యాల్సిన పని ఉంది.

ఇప్పుడు కొత్తపేటలోనూ అమలాపురంలోనూ ప్లాన్లు కంప్యూటర్ మీద గీస్తున్నారు. ఈ పనికి బాగా పేరున్న ప్రోగ్రాము ఆటోకాడ్. అమెరికాలోని ఆటోడెస్క్ అనే కంపెనీ 1982లో తెచ్చింది. గీసేది ఆ కుర్రాడు కదా, మనకెందుకు అనుకోకండి. స్థలం మనది, డబ్బు మనది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో పేదలకు ఇళ్ల పట్టాలు ఇచ్చారు. పల్లెల్లో ఇంటికి సెంటున్నర. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. సెంటున్నర అంటే 72.6 గజాలు. సుమారు 653 చదరపు అడుగులు. వెడల్పు 22 అడుగులు అనుకుంటే పొడుగు 29 అడుగుల 8 అంగుళాలు వస్తుంది. ఇంత చిన్న చోట ప్రతి అంగుళం లెక్కే.

కంప్యూటర్‌కి అంకె తెలుసు. అది అడుగులో మీటర్లో దానికి తెలీదు. మనిషే చెప్పాలి. ఆటోకాడ్‌లో 'యూనిట్స్' అనే చోట 'ఆర్కిటెక్చరల్' అని ఎంచుకుంటే కొలతలు అడుగులు, అంగుళాల్లో కనిపిస్తాయి. కానీ అక్కడో చిక్కుంది. వట్టి 22 అని కొడితే 22 అంగుళాలే తీసుకుంటుంది. అడుగులు కావాలంటే అంకె పక్కన, పైన చిన్న గీత పెట్టాలి. అది మరిస్తే 22 అడుగుల గోడ రెండడుగులు కూడా రాదు.

అంత పెద్ద తప్పు ఎవరికైనా కనబడుతుంది లెండి. చిన్న తప్పే కనబడదు. 10.5 అడుగులు అంటే ఎంత? చాలామంది 10 అడుగుల 5 అంగుళాలు అంటారు. కాదు. పదిన్నర అడుగులు, అంటే 10 అడుగుల 6 అంగుళాలు. అడుగుకి 12 అంగుళాలు కదా!

తరవాత హద్దులు పెట్టాలి. వీటిని 'లిమిట్స్' అంటారు. మన స్థలానికి 40 అడుగులు, 50 అడుగులు అని పెడితే చుట్టూ రోడ్డు, పక్కిళ్లు చూపించడానికి కూడా చోటుంటుంది.

ఇక చుక్కలు. సంక్రాంతి ముగ్గుకి ఆడవాళ్లు ముందు చుక్కలు పెడతారు. కంప్యూటర్లో వాటిని 'గ్రిడ్' అంటారు. కొత్త ప్రోగ్రాముల్లో గళ్లుగా కనిపిస్తాయి. గీత ఇంతింత దూరంలోనే ఆగేలా పట్టి ఉంచేది 'స్నాప్'. 9 అంగుళాల గోడలకి ఆ దూరం 3 అంగుళాలు చాలు. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఉంటే ఒకటిన్నర పెట్టాలి.

గోడలు ఒక పొరలో, తలుపులు ఒక పొరలో, కరెంటు తీగలు ఒక పొరలో గీస్తారు. కావాల్సిన పొర చూపించి, మిగతావి దాచెయ్యొచ్చు.

కంప్యూటర్లో ఇల్లు అసలు కొలతతోనే గీస్తారు. కాగితం మీదకి వచ్చేటప్పుడే చిన్నదవుతుంది. విగ్రహాలు చేసే మన కొత్తపేటలో చిన్న నమూనా చూసి పెద్ద బొమ్మ చెయ్యడం తెలిసిందే. ఇది దానికి తిరగేసిన పని. అంగుళానికి 4 అడుగుల లెక్కన 22 అడుగులు కాగితం మీద అయిదున్నర అంగుళాలు.

ప్లాను చేతికొచ్చాక స్కేలు పెట్టి కొలవకండి. జిరాక్సులో సైజు మారొచ్చు. రాసిన అంకెలు చదివి కూడండి. స్థలం 22 అడుగులు, రెండు పక్కలా రెండేసి అడుగులు వదిలాం. ఇంటికి 18 అడుగులు మిగలాలి. గోడ 9 అంగుళాలు, గది 9 అడుగుల 6 అంగుళాలు, గోడ 9 అంగుళాలు, వంటగది 6 అడుగుల 3 అంగుళాలు, గోడ 9 అంగుళాలు. మొత్తం 18 అడుగులు. సరిపోయింది. రాకపోతే ముగ్గు పోయకముందే ప్లాను గీసిన కుర్రాడి దగ్గరికి వెళ్లి, "బాబూ, ఇక్కడ తేడా వస్తోంది, ఓసారి చూడు" అనండి.