పింఛనుకు కొలత నూటికి నలభై

శంషాబాద్: 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ ప్రాంతం రూపే మారిపోయింది. చుట్టుపక్కల పల్లెల్లో కాలు చచ్చుబడిన కూలీ అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: "కుంటేది అందరికీ కనబడుతనే ఉంది గదా, పింఛనెందుకు రాదు?"

కంటికి కనబడే కష్టం లెక్కలోకి రాదు. డాక్టర్లు సర్టిఫికెట్టులో రాసిన శాతమే లెక్క. నిరుపేద కుటుంబమై, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. చెవుడుకైతే 51 శాతం. 39 వస్తే సగం పింఛనైనా రాదు. 2014లో నెలకు 1,500 రూపాయలుగా మొదలైన ఆసరా పింఛను 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఒక్క శాతం తేడాతో పోయేది ఆ మొత్తమంతా.

ఆ అంకెను సర్పంచి మార్చలేడు, పంచాయతీ కార్యదర్శి మార్చలేడు. అందుకే సర్కారు దవాఖానాలో పరీక్షకు వెళ్లేనాడు పాత మందుచీట్లు, ఎక్స్‌రేలు అన్నీ వెంట ఉండాలి. సర్టిఫికెట్టు తాత్కాలికమని రాసి ఉంటే గడువు తేదీ చూసుకోవాలి. అది దాటితే వస్తున్న పింఛనూ ఆగిపోవచ్చు.

శాతం తక్కువ వేశారని తోస్తే ఊరుకోనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అప్పీలుకు దారి చూపింది. దళారికి ముట్టజెప్పే సొమ్ము కంటే ఆ అర్జీ కాగితమే మేలు.