మా వసారాలో గాలి గంటలు

కిందటి ఎండాకాలం మా పెద్దోడు హైదరాబాదు నుంచి గాంధారికి వస్తూ ఒక విండ్ చైమ్ తెచ్చాడు. ఐదు అల్యూమినియం గొట్టాలు, మధ్యన గుండ్రటి చెక్కబిళ్ళ, దాని కింద గాలికి ఊగే పలక. వసారా దూలానికి కట్టాం. పగలంతా ముచ్చటగా మోగింది. రాత్రికి ఈదురుగాలి లేచింది.

తెల్లారి పక్కింటి వదిన గోడ మీంచే అడిగింది: "ఇంట్ల గుడి గట్టిన్రా ఏంది? రాత్రంత ఒకటే గంటలు. పిల్లగానికి పరీక్షలున్నయి."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే స్టూలేసుకొని విప్పేశాను.

ఊరుకోనిది మా అత్తమ్మ. "ఎందుకిప్పినవే? గాలి ఎటుదో నాకెరుకైతుండె" అంది. ఆమెకు చూపు బాగా మందగించింది. పొద్దంతా అరుగు మీదే కూచుంటుంది. ఆ చప్పుడు ఆమెకు ఏ పనికొస్తుందో నేను ఆలోచించనే లేదు.

మళ్ళీ కట్టాం, ఈసారి కాస్త తెలివిగా. రాత్రిళ్ళు పలకను పైకి మడిచి, బట్టలారేసే క్లిప్పు పెడతాం. గాలి పట్టే పలక లేకపోతే చెక్కబిళ్ళ గొట్టాలను అంతగా తాకదు. వదిన మళ్ళీ ఏమీ అనలేదు.

ఇంట్లో చేసుకోవాలన్నా కష్టం కాదు. గొట్టం పొట్టిదైనకొద్దీ స్వరం సన్నగా పలుకుతుంది. అసలు కిటుకు దారం కట్టే చోటులో ఉంది. కొసకు కడితే టక్కుమని ఆగిపోతుంది. పొడవులో ఐదో వంతుకంటే కాస్త కిందికి, అంటే 45 సెంటీమీటర్ల గొట్టానికి పైనుంచి 10 సెంటీమీటర్ల దగ్గర బెజ్జం పెట్టాలి. గొట్టం అదిరేటప్పుడు కదలకుండా ఉండే చోటు అదే. బిళ్ళ మాత్రం సరిగ్గా గొట్టం నడుముకు తగలాలి. కొన్నవాటిలో చాలావరకు ఐదు స్వరాలే ఉంటాయి, మన మోహన రాగంలోలాగా. ఏ రెండు కలిసి మోగినా చెవికి గుచ్చుకోవు. వెదురువైతే టొకటొకమంటాయి, నాకవీ ఇష్టమే. జపానులో ఎండాకాలం చూరుకు గాజు గంటలు కట్టి, కింద కాగితం వేలాడదీస్తారు. ఆ చప్పుడు వింటేనే చల్లగా ఉంటుందట వాళ్ళకు!

వానాకాలం చివర వాకిట్లో మక్కలు ఆరబోశాం. నేను వంటింట్లో ఉన్నాను. "గాలి తిరిగింది, మక్కలెత్తుండ్రి!" అని అత్తమ్మ కేకేసింది. మేం పట్టా కప్పేసరికి చినుకులు మొదలయ్యాయి. కుప్ప అంచున నాలుగు దోసిళ్ళు తడిశాయి, అంతే.

ఆ సాయంత్రం ఆమే సందుగ తెరవమంది. అడుగున, తోలు పట్టెడకు ఇత్తడి గంటలు. మామయ్య పోయాక ఎడ్లజతను అమ్మేశాం. పగ్గాలు ఇచ్చేముందు అత్తమ్మ ఈ గంటలు విప్పి దాచుకుందట. ఇన్నేళ్ళూ ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.

చింతపండుతో తోమి, వరుసగా దారానికి గుచ్చి, గొట్టాల పక్కనే కట్టాను. వీటికి క్లిప్పు అక్కర్లేదు. బరువు గంటలు కదా, పెద్దగాలి వస్తే తప్ప కదలవు. కదిలినప్పుడు అందులో ఒకటి కాస్త బొంగురుగా పలుకుతుంది.

"గది ఎలపటెద్దుది" అంటుంది అత్తమ్మ, తలెత్తకుండానే.