కళాశాల పేరు – కుటుంబపు శక్తి

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలోని ఇండ్లయందు ఒకే చర్చ జరుగుచుండును. పిల్లవానిని పేరుగల దూరపు కళాశాలకు పంపవలెనా, ఖర్చు తక్కువైన దగ్గరి కళాశాలలో చేర్పవలెనా? వానను, బోరుబావిని నమ్ముకొన్న ఈ మెట్టసీమలో ఆ నిర్ణయము ఒక్కొక్కప్పుడు రెండెకరముల పొలముతో ముడిపడియుండును. కావున నిదానముగా ఆలోచింపవలసిన విషయమిది.

పట్టమునిచ్చునది సాధారణముగా కళాశాల కాదు, విశ్వవిద్యాలయము. ఒకే విశ్వవిద్యాలయమునకు అనుబంధములైన కళాశాలలలో పాఠ్యప్రణాళిక ఒక్కటే, పరీక్షయు ఒక్కటే. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు మాత్రము వీనిని తామే నిర్ణయించుకొనును. ఇక మిగిలిన తేడా అధ్యాపకులలో, ప్రయోగశాలలో, గ్రంథాలయములో, తోడి విద్యార్థులలో నుండును. ఆ తేడా ప్రకటనలలో కనబడదు; అచ్చట చివరి సంవత్సరము చదువుచున్న వారిని అడిగిన తెలియును.

పేరు గలదెల్ల ఖరీదైనది కాదు. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున 1972లో ప్రభుత్వము కర్నూలున సిల్వర్ జూబిలీ కళాశాలను నెలకొల్పినది. ప్రతిభను బట్టి ప్రవేశమిచ్చిన ఆ ప్రభుత్వ కళాశాల గొప్ప పేరు గడించినది. అట్లే ఎక్కువ రుసుము వసూలు చేయుట మంచి చదువునకు నిదర్శనము కాదు.

మన ప్రాంతమువారు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ తరువాత 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకాశమును ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమునందు, కర్నూలును శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమునందు చేర్చినది. ఈ నియమము వర్తించు కళాశాలలలో నూటికి 85 స్థానములు స్థానికులవి. కావున గిద్దలూరులో చదివిన విద్యార్థికి నల్లమల దాటిన నంద్యాల దగ్గరదే అయినను, అచ్చట మిగిలిన 15 స్థానములకే పోటీపడవలసియుండును. గుంటూరున స్థానము లభించు ర్యాంకునకు నంద్యాలలో లభింపకపోవచ్చును.

ఇక లెక్క. రుసుము ఒక్కటియే ఖర్చు కాదు. వసతిగృహము, భోజనము, ప్రయాణములు, పుస్తకములు కూడవలెను. రెండు కళాశాలల మధ్య ఏడాదికి 60 వేల రూపాయల తేడా యున్నదనుకొందము. నాలుగేండ్లకు అది 2 లక్షల 40 వేలగును. ప్రభుత్వ రుసుము చెల్లింపు పథకము ఏ కోటాకు, ఎంత మొత్తమునకు వర్తించునో చేరుటకు ముందే తెలిసికొనవలెను. పొలము అమ్ముటకు ముందు బ్యాంకును అడుగుట మేలు. 2024లో ఆమోదము పొందిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, జాబితాలోని ఉన్నత సంస్థలలో ప్రవేశము పొందినవారికి ఆస్తి తాకట్టు లేకయే ఋణము లభించును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. అన్న చదువునకై ఇల్లంతయు ఊడ్చిపెట్టినచో, రెండేండ్ల తరువాత చెల్లెలి చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోవును. ఆ నష్టము ఏ కళాశాల పేరును పూడ్పజాలదు. ఇంటిలోని పిల్లలందరి చదువును ఒకే కాగితముపై వ్రాసి లెక్కించుట తల్లిదండ్రుల ధర్మము.

ప్రకాశం జిల్లాకు పేరైన ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి కుమారుని చదివించినది. ఆయన ఒంగోలులోను, రాజమహేంద్రవరములోను చదివి, ఆ పిమ్మటనే మదరాసులో న్యాయశాస్త్రమును, ఇంగ్లండులో బారిష్టరు చదువును పూర్తిచేసినారు. చదువునకు మెట్లున్నవి. మొదటి పట్టము దగ్గరి కళాశాలలో అప్పులేక పొంది, పైచదువునకు ప్రవేశపరీక్ష ద్వారా పెద్ద సంస్థకు పోవు మార్గము నేటికిని తెరచియే యున్నది. దూరపు కళాశాల నిజముగా మేలైనదై, ఖర్చు ఇంటి శక్తికి లోబడినచో నిస్సంకోచముగా పంపుడు. కేవలము పేరు కొరకైనచో పొలమును, పిల్లవాని మనశ్శాంతిని కూడ నిలుపుకొనుడు.