సమస్య నిచ్చు నేర్పు

అవధానసభలో అవధానిని మెచ్చని వారుండరు. సమస్య నిచ్చిన పృచ్ఛకుని తలచువారు అరుదు. కాని మంచి సమస్యను పుట్టించుటయు నొక విద్యయే. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయు మన యువకులకు నేడీ విద్య కావలసివచ్చినది. ప్రోగ్రామనగా యంత్రము వరుసగా చేయవలసిన పనుల పట్టిక. దానిని వ్రాయుటలో నేర్పు గడించుటకై వారు ఒకరికొకరు చిక్కులెక్క లిచ్చుకొందురు. క్రొత్త లెక్కలెచ్చట దొరకునన్నదే వారి చింత. దూరము పోనక్కరలేదు, మన ఛందస్సునే చూతము.

లఘువునకు మాత్ర యొకటి, గురువునకు రెండు. నాలుగు మాత్రలకు ప్రస్తారము వేయుదము: గగ, గలల, లగల, లలగ, లలలల. ఇవి ఐదు విధములు. మూడు మాత్రలకు మూడే. మరి ఐదు మాత్రలకో? చివర లఘువున్నచో దాని ముందు నాలుగు మాత్రలుండును, గురువున్నచో మూడుండును. కావున ఐదును మూడును కలిసి ఎనిమిది. వెనుకటి రెండు సంఖ్యలను కూడిన తరువాతిది వచ్చును. 1150 ప్రాంతమున హేమచంద్రుడును, అంతకు పూర్వమే విరహాంకుడును ఈ మర్మమును చెప్పిరి. ఇటలీ దేశమున ఫిబొనాచ్చి 1202లో దీనినే కుందేళ్ల సంతతి లెక్కగా చూపెను. 2001లో ఆరంభమైన ప్రాజెక్ట్ ఆయిలర్ అను సమస్యల సంకలనమున రెండవ సమస్య యీ వరుసను గూర్చినదే: నలుబది లక్షలకు మించని వానిలో సరిసంఖ్యల మొత్తమెంత?

మంచి సమస్యకు గురుతొకటి కలదు. దానియందు మొండిబలము ఓడి, ఉపాయము గెలువవలెను. నూరు మాత్రల భేదముల సంఖ్య యిరువదియొక్క యంకెలది. యంత్రము సెకండునకు కోటి చొప్పున వ్రాసినను, అన్నియు వ్రాయుటకు పదునెనిమిది లక్షల యేండ్లు పట్టును. సూత్రమెరిగిన బాలునకు నూరు కూడికలైన నక్కరలేదు.

పాతదానినుండి క్రొత్తది పుట్టించుటకు నిషేధము మంచి సాధనము. అవధానమున నిషిద్ధాక్షరి యెట్టిదో మీ రెరుగుదురు. ఇచ్చటను అట్లే, రెండు గురువులు ప్రక్కప్రక్కన రారాదని కట్టడి చేయుడు. అప్పుడు మూడు మాత్రలకు మూడు, నాలుగింటికి నాలుగు భేదములు నిలుచును. పాత లెక్క ప్రకారము ఐదింటికి ఏడు రావలెను. ప్రస్తారము వేసిచూడగా ఆరే వచ్చును. పాత కూడిక చెడినది. క్రొత్త సూత్రము వెదకవలెను. ఒక్క మాటతో వేరొక సమస్య పుట్టినది.

పెద్దలారా! మీకు ప్రస్తారము తెలియును, మీ మనుమలకు యంత్రము తెలియును. మీరు అడుగనిచో ఈ విద్య గ్రంథములందే నిద్రించును. నేటి రాత్రి భోజనానంతరము మనుమని చేరబిలిచి, ఆ యారునకు సూత్రమేమని యడుగుడు. గురువునకు ముందేమి యుండి తీరవలెనో వానికి తోచిన చాలును. తక్కిన దారి వాడే కనుగొనును.