భవనము, పాఠశాల, పేరు: రాత్‌ఫార్నమ్ లొరేటో చరిత్ర

పాఠశాలల చరిత్ర వ్రాయువారు సాధారణముగా స్థాపకుల గుణములను, విద్యార్థుల సంఖ్యను చెప్పి విరమింతురు. పాఠశాల యే యింట వెలసినది, ఆ యిల్లు పూర్వము ఎవరిది అను ప్రశ్నకు గూడ చారిత్రక ప్రాముఖ్యము కలదు. ఐర్లండు దేశమందలి లొరేటో పాఠశాల యిందుకు దృష్టాంతము.

డబ్లిన్ నగరమునకు దక్షిణముననున్న రాత్‌ఫార్నమ్‌లో 1725 ప్రాంతమున విలియం పాలిసర్ ఒక భవనము కట్టించెను. ఆ కాలమున భూమియు, అధికారమును ప్రొటెస్టెంటుల చేతిలో నుండెను. ప్రజలలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. వారు బడి పెట్టుటను, బిడ్డలను చదువునకై విదేశములకు పంపుటను 1695 నాటి చట్టము నిషేధించినది. 1782, 1792 సంవత్సరముల శాసనములవలన ఈ నిర్బంధము సడలినను, పార్లమెంటులో కూర్చుండు హక్కు 1829 వరకు వారికి లభింపలేదు.

ఫ్రాన్సెస్ బాల్ 1794లో డబ్లిన్‌లో ఒక పట్టువర్తకుని యింట జన్మించెను. ఇంగ్లండులోని యార్కు కాన్వెంటులో చదివి, అచ్చటనే సన్న్యాసదీక్ష గైకొని, మేరీ తెరెసా అను పేరు పొందెను. 1821లో స్వదేశమునకు మరలి, మరుసటి యేట రాత్‌ఫార్నమ్ భవనమున బాలికల పాఠశాల నెలకొల్పెను. ఒకప్పుడు బడి పెట్టుటయే నేరమైన మతస్థుల పుత్రికలకు, పాలకవర్గము కట్టుకొన్న మేడ చదువులయిల్లైనది. అయితే అచ్చట వసించి చదివినవారు రుసుము చెల్లింపగల కుటుంబములవారు. పేదపిల్లలకు ఉచితపాఠశాల వేరుగ నడచినది. మతభేదము మూసిన తలుపు తెరచుకొన్నను, ధనభేదము మూసిన తలుపు పూర్తిగ తెరచుకొనలేదు.

ఆమె యీ భవనమునకు లొరేటో అని పేరిడెను. మేరీమాత నజరేతులో నివసించిన యిల్లు ఇటలీలోని లొరేటో పట్టణమున నున్నదని కాథలిక్కుల విశ్వాసము. ఇట్లు ఒక యింటిని తలపించు పేరు మరియొక యింటికి వచ్చి, తుదకు సంస్థకే పేరైనది. 1841లో రాత్‌ఫార్నమ్ సన్న్యాసినులు కలకత్తాకు ప్రయాణమై, 1842లో మిడిల్టన్ వీథిలో బాలికల పాఠశాల తెరచిరి. అదియు ప్రాతమేడయే, సుప్రీంకోర్టు ప్రథమ ప్రధానన్యాయమూర్తి ఎలైజా ఇంపే నివాసముగ ప్రసిద్ధము. మదర్ తెరెసా 1928లో ఈ సంస్థలో చేరి, రాత్‌ఫార్నమ్‌లో కొలది వారములు ఆంగ్లము నేర్చి, 1929 జనవరిలో కలకత్తా చేరెను.

రాత్‌ఫార్నమ్ పాఠశాల 1999లో మూతపడినది. పేరు మాత్రము కలకత్తాలోను, ఇతరదేశములలోను నిలిచియున్నది. కావున మేడను చూచి పాఠశాలను అంచనా వేయరాదు. మేడను విస్మరించియు వేయరాదు. ఇట్టి చరిత్రను శోధించువారు భవనపు విక్రయపత్రమును, రుసుముల పట్టికను, ప్రవేశపుస్తకమును ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. యిల్లు ఎవరినుండి ఎవరికి వచ్చినదో మొదటిది చెప్పును. ఎవరికొరకు తెరచుకొన్నదో తక్కిన రెండును చెప్పును.